తెల్లగుట్టలో నిటారు గోడ

తెల్లగుట్ట అడవిలో అందరికీ ఉప్పు రుచి చూపించేది కోరల కొండయ్య ఒక్కడే. కొండయ్య అడవిపంది. ఆయనకీ ఆయన మందకీ తవ్వడం తప్ప వేరే పని రాదు, ఆ పనిలో వాళ్లకి సాటి వచ్చేవాళ్లూ లేరు. గుట్ట కడుపులో తెల్లటి చవుడు మట్టి ఉంది. నాలిక మీద పెడితే ఉప్పగా, చల్లగా ఉంటుంది. దుప్పికి కొమ్ములు గట్టిపడాలన్నా, ఈనిన జింకకి పాలు పడాలన్నా ఆ మట్టి నాకాల్సిందే. పందులు మోరలతో గుట్టని కోసి పడేస్తే, దున్నపోతు దానయ్య ఆ మట్టిని కొమ్ములతో నెట్టుకుంటూ వచ్చి కింద కుప్ప పోసేవాడు. దుప్పులు వచ్చి కడుపారా నాకి, వెళ్తూ వెళ్తూ ఇప్పపూలో రేగుపళ్లో అక్కడ పెట్టి పోయేవి. పందులు అవి తిని మళ్లీ తవ్వేవి. పెద్ద వ్యాపారమే.

అయితే తవ్వకం ఉన్నచోట దుమ్ము ఉంటుంది. దుమ్ము లేచి ఆకుల మీద కూర్చుంది. వానపడితే వాగులోకి దిగింది. వాగు తెల్లబడేసరికి చేపలు దిగువకి పోయాయి, చేపల వెనకే పిట్టలూ పోయాయి. గుట్ట చుట్టూ చెట్లు ఉన్నాయే గానీ కూత లేదు. కొండయ్యకి అది పట్టలేదు. ఆయన తల ఎప్పుడూ మట్టిలోనే ఉంటుంది కదా.

ఒకరోజు దుప్పుల పెద్ద మట్టి నాకకుండా దూరంగా నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, మట్టి బాగాలేదా?" అని కొండయ్య అడిగాడు.

"మట్టి బ్రహ్మాండంగా ఉంది. చోటే బాగాలేదు. పిట్టలేవి?"

"మీరొచ్చేది ఉప్పు నాకడానికా, పాట కచేరీకా?"

"తల దించి నాకుతున్నప్పుడు వెనక నుంచి చిరుత వస్తే మాకు కనపడదు కొండయ్యా. పిట్ట ముందు చూస్తది. చూసి అరుస్తది. మేం పారిపోతాం. ఇప్పుడా మట్టిగోడలో ఉండే పచ్చపిట్టలు మాత్రం మిగిలాయి నీకు. అవి కూడా పోయిన రోజున నీ ఉప్పు నువ్వే నాక్కో."

కొండయ్యకి గుండె జారింది. ఇన్నాళ్లకి ఆయన తలెత్తి గోడ వైపు చూశాడు.

గోడంటే ఎవరో కట్టింది కాదు. పందులు గుట్టని కోయగా కోయగా మిగిలిన ఎర్రమట్టి అంచు. కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటుంది, తాటిచెట్టు ఎత్తు. ఆ గోడ నిండా బొరియలు. ఆ బొరియల్లో పసిరిక పిట్టలు కాపురం ఉన్నాయి. పసిరిక మీకు తెలిసే ఉంటుంది, కరెంటు తీగ మీద కూర్చుని ఉన్నట్టుండి గాల్లోకి లేచి తేనెటీగని పట్టుకొచ్చే చిన్న పచ్చపిట్ట. చెట్టు మీద గూడు కట్టదు. మెత్తటి మట్టిగోడకి ముక్కుతో సొరంగం తవ్వుకుని, దాని చివర గుడ్లు పెడుతుంది. తమాషా ఏమిటంటే, మిగతా పిట్టలన్నీ పందుల తవ్వకం చూసి పారిపోతే, పసిరికలు మాత్రం ఆ తవ్వకం చూసే వచ్చాయి. అప్పుడే కోసిన గోడ దొరకడం వాటికి అదృష్టం. ఈ సంగతి కొండయ్యకి తెలియదు. తన వల్ల ఎవరికైనా మేలు జరిగిందని ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు పాపం.

ఆ పసిరికల్లో పెద్దది పచ్చమ్మ. ఆ వేసవికి ఆమె గోడ ఎడమ కొసన, నడిమెత్తులో, కొత్త సొరంగం తవ్వి గుడ్లు పెట్టి పొదుగుతోంది. పోయినేడు ఆమె వాగు గట్టులో కాపురం పెట్టింది. గట్టు పొట్టిది, ముంగిస ఎక్కేసింది. అందుకే ఈసారి వెతికి వెతికి ఈ గోడ పట్టుకుంది. ఈ పిల్లలైనా దక్కాలని ఆమె ఆశ. ఈ కథంతా ఆ గుడ్ల గురించే.

ఇక అవతలి పక్షం. వాగు దిగువన రెక్కల రక్షణ సంఘం అని ఒకటుంది. దాని అధ్యక్షురాలు కొంగ సరోజినమ్మ. కొంగ అనగానే మీ మనసు దొంగజపం మీదికి పోతుందని నాకు తెలుసు. ఈమె అలాంటిది కాదు. నిజంగానే పిట్టల కోసం పాటుపడే మనిషి, అంటే కొంగ. రెండేళ్లుగా సంఘాన్ని వెంటేసుకుని వచ్చి క్వారీలో బైఠాయించి, "కొండయ్యా, తవ్వకం ఆపు" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. కొండయ్య కూడా ప్రతిసారీ "నాకు వినపడటం లేదమ్మా, తవ్వుతున్నా" అనేవాడు.

ఇలాంటి రెండు పక్షాలకీ మధ్య ఖాళీ జాగా ఉంటే అక్కడికి ఎవరొస్తారో మీరు ఊహించగలరు. సలహాల సాంబయ్య వచ్చాడు. సాంబయ్య నక్క.

"కొండయ్యన్నా, నీకు పిట్టలు కావాలి. ఆ సరోజినమ్మగారికీ పిట్టలే కావాలి. ఇద్దరికీ కావాల్సింది ఒకటే అయినప్పుడు ఈ కొట్లాట ఎందుకు? చేతులు కలపండి."

"నాకు చేతుల్లేవు."

"కాళ్లు కలపండి. భాగస్వామ్యం అంటారు దీన్ని. నువ్వు బలం పెడతావు, ఆమె పేరు పెడుతుంది, పిట్టలు బాగుపడతాయి. అడవంతా మిమ్మల్ని మెచ్చుకుంటది."

"మధ్యలో నీకేంటయ్యా?"

"నాకేముందన్నా. ఒక్క రేగుపండు కూడా వద్దు. సేవ."

కొండయ్య కళ్లు చెమర్చాయి. ఇంత పెద్దమనసున్న నక్కని ఆయన ఎక్కడా చూడలేదు. నేనూ చూడలేదు.

సాంబయ్య రేగుపండు కూడా ఎందుకు వద్దన్నాడో ఇప్పుడే చెప్పేస్తాను, మీరు కంగారు పడకండి. పసిరిక పిల్లలు మెత్తగా ఉంటాయని అతనికి ఎవరో చెప్పారు. చెప్పినప్పట్నుంచీ నిద్ర లేదు. ఆ నిటారు గోడ ఎక్కబోయి జారిపడ్డాడు. పక్కనుంచి ఎక్కబోయి పడ్డాడు. పైనుంచి దిగబోయి, గడ్డం పగిలేలా పడ్డాడు. గోడ నిటారుగా ఉన్నంతకాలం నక్కకి ఆ భోజనం లేదు. అదే గోడ కాస్త వాలుగా ఉంటే? ఆ వాలు వెయ్యడం తన వల్ల కాదు. అడవిలో అంత మట్టి కదిలించగలిగింది పందులు మాత్రమే. అందుకని సాంబయ్యకి ఒక గొప్ప ఆశయం పుట్టింది.

మర్రోజు సాంబయ్య కొంగనీ పందినీ గోడ ముందు నిలబెట్టాడు.

"సరోజినమ్మగారూ, మీరే చెప్పండి. ఈ గోడ చూస్తుంటే మీకేమనిపిస్తోంది?"

"బోడిగా ఉంది," అంది కొంగ.

"అదీ మాట. చెట్టు లేదు, తీగ లేదు, గడ్డిపరక లేదు. పాపం ఆ పచ్చపిట్టలు ఎర్రటి ఎండలో ఈ పుండులాంటి గోడలో కాపురం ఉంటున్నాయి. చూస్తే నాకు అన్నం సయించడం లేదు."

అది మాత్రం నిజమే.

"ఏం చెయ్యాలంటావు?" అన్నాడు కొండయ్య.

"మట్టి తెచ్చి గోడకి ఆనించి పొయ్యండి. కిందనుంచి పైదాకా మెల్లగా వాలు రావాలి. దాని మీద తీగలు, పొదలు, పచ్చగడ్డి. అడవిలో ఎవరొచ్చి చూసినా, ఆహా, కొండయ్య తవ్విన చోటే పచ్చగా చేశాడు అనాలి. ఎడమ కొస నుంచి మొదలెడితే శుభం."

సరోజినమ్మ ఆనందంతో రెక్కలు విదిలించింది. ఆమె చెట్టు మీద పుట్టింది, చెట్టు మీద పెరిగింది, చెట్టు మీద గూడు కట్టింది. పచ్చదనం ఉంటే పిట్టకి ఇంకేం కావాలి అనేది ఆమె లెక్క. "ఇదే నేను రెండేళ్లుగా అడుగుతున్నది," అంది. నిజానికి ఆమె అడిగింది తవ్వకం ఆపమని. కానీ పచ్చదనం అనే మాట చెవిన పడేసరికి పాతదంతా మర్చిపోయింది.

"మరి ఈ వాలు మీదుగా ఏ దొంగైనా ఎక్కితే?" అని అడిగింది, అధ్యక్షురాలు కాబట్టి ఏదో ఒకటి అడగాలని.

"నా తోక మీద ఒట్టు. పందికొక్కు కూడా ఎక్కలేదు. నక్క సంగతి నేనే చెబుతున్నా, నక్క అసలు ఎక్కలేదు."

ఒప్పందం కుదిరింది. రెండు పక్షాలూ ఇప్పపూలు పంచుకు తిన్నాయి. నెమళ్లు వచ్చి ఆడాయి. సాంబయ్య జీవజాలం గురించి ఎంత బాగా మాట్లాడాడంటే కుందేళ్లు కూడా దగ్గరికి వచ్చి కూర్చున్నాయి, తర్వాత గుర్తొచ్చి దూరం జరిగాయి. పచ్చమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు. పిలవకూడదని కాదు. ఎవరికీ తోచలేదు, అంతే.

పచ్చమ్మ మధ్యాహ్నం తూనీగని ముక్కున పట్టుకుని ఇంటికొచ్చేసరికి ఇంటి ముందు మట్టికుప్ప లేస్తోంది. దానయ్య నెట్టుకొస్తున్నాడు, పందులు తొక్కి గట్టి చేస్తున్నాయి. తూనీగ జారి కింద పడింది.

"కొండయ్య మామా, ఏంది ఇది?"

"వచ్చావా అమ్మాయ్? నీకోసమే. వాలు వేస్తున్నాం. తీగలు కూడా నాటిస్తాను, చల్లగా ఉంటది."

"నాకు చల్లగా అక్కర్లా. నాకు గోడ కావాలి."

"గోడ ఉంటది కదమ్మా, మట్టి కింద."

"మామా, నా తలుపు మట్టి కింద పడితే నేనెట్టా లోపలికి పోవాలి?"

"నీ తలుపు దాకా రాగానే ఆపేస్తాం. నీ గుమ్మం ముందు అరుగు లాగా ఉంటది. ఇంకెవరికైనా అరుగు వేయించానా నేను?"

"ఆ అరుగు మీదికి నేను ఎగిరొస్తా. నడిచొచ్చేవాళ్ల సంగతేంది?"

కొండయ్య మొహం మాడ్చుకున్నాడు. జన్మలో మొదటిసారి ఒకరికి మేలు చేద్దామని కూర్చుంటే ఆ ఒకరు అలా మాట్లాడితే ఎవరికైనా బాధే. "చేస్తే ఎందుకు చేశావంటారు, చెయ్యకపోతే చెయ్యలేదంటారు. నాకు పనుందమ్మా," అని మోర మట్టిలో పెట్టేశాడు. మోర మట్టిలో ఉన్నంతసేపూ ఆయనకి ఎవరి మాటా వినపడదని మీకు ముందే చెప్పాను.

దానయ్య మాత్రం ఆగాడు. "అమ్మాయ్, నాకు నెట్టమంటే నెట్టడమే తెలుసు," అన్నాడు. "కానీ కొంచెం నెమ్మదిగా నెడతాలే." దున్నపోతు నెమ్మదిగా నెట్టడం ఎంత నెమ్మదో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజుకి ఆ సాయం చిన్నది కాదు.

పచ్చమ్మ వాగు దిగువకి ఎగిరింది. సరోజినమ్మ ఒంటికాలి మీద నిలబడి, ఆ రోజు జరిగిన సభని తలుచుకుని మురిసిపోతోంది.

"అక్కా, ఆ వాలు ఆపించు."

"అదేంటే? అడవంతా మెచ్చుకుంటుంటే నువ్వొక్కదానివి వద్దంటావేం? నీకు పచ్చదనం అంటే ఇష్టం లేదా?"

"నేనే పచ్చగా ఉన్నాను గదక్కా, ఇంకా ఎంత పచ్చదనం కావాలి? ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఇన్ని చెట్లుంటే నువ్వు పోయిపోయి నీళ్లమధ్య ఉన్న తుమ్మచెట్టు మీదే గూడెందుకు కడతావు?"

"పిల్లీ ముంగిసా రాకుండా. నీళ్లు దాటి రాలేవు కదా."

"రేపు ఎవరో పెద్దమనిషి వచ్చి, పాపం కొంగమ్మ కాళ్లు తడుస్తున్నాయని, గట్టు నుంచి నీ చెట్టు దాకా చక్కటి కాలిబాట వేయిస్తే?"

సరోజినమ్మ రెండో కాలు కూడా కింద పెట్టింది. ఆమె మొహం చూస్తే పచ్చమ్మకే జాలేసింది.

"నీకు నీళ్లు ఎట్లాగో నాకు ఆ నిటారుతనం అట్లాగక్కా," అంది పచ్చమ్మ మెల్లగా. "లోపల గుడ్లున్నాయి. నేడో రేపో పిల్లలయ్యేట్టున్నాయి. పోయినేడు పిల్లలు నా కళ్ల ముందే పోయాయి. ఈసారి కూడా పోతే నేను ఈ అడవిలో ఉండలేను."

"తప్పు నాదేనే," అంది కొంగ. "పిట్టల తరఫున మాట్లాడుతున్నానని అనుకున్నాను. కొంగల తరఫున మాట్లాడొచ్చాను. నిన్ను ఒక్కమాట అడగాలని కూడా నాకు తోచలేదు చూడు." అని, వెంటనే తల విదిలించింది. "ఆ సాంబయ్య ఎడమ కొస నుంచే మొదలెట్టమన్నాడు. నీ ఇల్లు ఎటుంది?"

"ఎడమ కొసనే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ సాయంత్రం సరోజినమ్మ క్వారీకి వచ్చి కొండయ్య మోర మీద ముక్కుతో పొడుస్తూనే ఉంది, తల పైకి లేచేదాకా. కొండయ్య అంతా విన్నాడు. విన్నాడు గానీ నమ్మలేదు.

"సాంబయ్య అలాంటివాడు కాదమ్మా. ఒక్క రేగుపండు కూడా తీసుకోలా."

"నక్క ఏమీ వద్దంటే అతని కన్ను దేనిమీదో ఉందని అర్థం."

"మీ రెక్కలవాళ్లు నన్ను రెండేళ్లు తిట్టారు. అతనొక్కడే మంచిమాట చెప్పాడు. ఊరికే దొంగ అంటే నేనొప్పుకోను. రుజువు చూపించండి, అప్పుడు చూద్దాం."

"చూపిస్తాం," అంది పచ్చమ్మ, గోడ మీంచి. "మామా, అడ్డంగా రెండు బారలు అవతల, నా ఇంటికంటే కాస్త పైన, ఒక బొరియ కనపడుతోందా? అది ఖాళీది. తవ్వుతుంటే లోపల రాయి తగిలింది, వదిలేసి ఇక్కడ తవ్వుకున్నాం. మా వాళ్లు అట్లా ఒకటి రెండు తవ్వి వదిలేస్తుంటారు. నీ వాలు నా గుమ్మం వైపు కాకుండా ఆ ఖాళీదాని వైపు తిప్పు. ఆ గుమ్మం ముందు, నువ్వన్న అరుగు ఒకటి వెయ్యి. మిగతాది మేం చూసుకుంటాం."

"అతను ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే నీ తీగలన్నీ నేనే నాటుతా."

కొండయ్యకి ఆ మాట నచ్చింది. మర్రోజు పొద్దున్నుంచీ వాలు కాస్త పక్కకి తిరిగింది. మట్టి పని కదా, చూసేవాళ్లకి తేడా తెలియదు. మధ్యాహ్నానికి ఖాళీ బొరియ ముందు నక్క ఒకటి సుఖంగా నిలబడేంత అరుగు తయారైంది.

అప్పుడు సరోజినమ్మ అందర్నీ పిలిచి గట్టిగా చెప్పింది. "శుభవార్త. అరుగు వేసిన ఇంట్లో గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి. ఈ సంతోషంలో రేపు క్వారీకి సెలవు. పొద్దున్నే అందరం వాగు దిగువన మొక్కలు నాటడానికి పోదాం. పిల్లల తల్లి కూడా వస్తుంది."

"పిల్లల్ని ఒంటరిగా వదిలా?" అని అడిగాడు కొండయ్య. అలా అడగమని ముందే చెప్పారు.

"ఏం భయం? ఆ వాలు నక్క కూడా ఎక్కలేదని సాంబయ్యే కదా ఒట్టేశాడు. ఏం సాంబయ్యా?"

"నా తోక మీద," అన్నాడు సాంబయ్య, గుటక మింగుతూ.

పొద్దున్నే ఊరేగింపు బయల్దేరింది. సాంబయ్య కూడా నాలుగడుగులు వేసి, పొట్ట పట్టుకున్నాడు. "కొండయ్యన్నా, రాత్రి ఏదో పడలేదు. మీరు పదండి. నా పేరు మీద ఒక మొక్క నాటండి."

"పడుకో తమ్ముడూ, పడుకో," అన్నాడు కొండయ్య. ఆయన గొంతులో అప్పటికి కూడా నిజమైన ఆదుర్దాయే ఉంది. సాంబయ్య మంచివాడని తేలాలని లోలోపల ఆయన కోరుకుంటున్నాడు.

మలుపు తిరగ్గానే మంద ఆగింది. గుట్ట వెనక దారిన, ఎండుటాకు మీద అడుగుపడకుండా తిరిగొచ్చి పొదల్లో కూర్చున్నారు. పందులు చప్పుడు లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో మనకి తెలియదు గానీ కూర్చున్నాయి. పచ్చమ్మ మాత్రం తన గుమ్మంలో, లోపలికి వెనక్కి నక్కి ఉంది. పొట్ట కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి, ఒకదానిలో ఏదో కదులుతోంది కూడా. మట్టిలోంచి నక్క అడుగుల చప్పుడు ఆమెకి తెలుస్తోంది. ఆమెకి భయంగానే ఉంది. భయం లేదని నేను అబద్ధం చెప్పను.

సాంబయ్య పొట్టనొప్పి వాలు మొదట్లోనే తగ్గిపోయింది. మెట్లెక్కుతున్న పెళ్లికొడుకులా ఎక్కాడు. అరుగు మీద నిలబడి, అటూ ఇటూ చూసి, "సేవ, సేవ" అనుకుంటూ ఖాళీ బొరియని గోళ్లతో గీకి వెడల్పు చేసి, ముక్కు దూర్చాడు. అందలేదు. ఇంకాస్త గీకి చెవులదాకా దూర్చాడు. లోపల రాయి తగులుతోంది గానీ మెత్తటిది ఏదీ తగలడం లేదు.

పొదల్లో కొండయ్య ఆ తోకనే చూస్తున్నాడు. రెండు రోజుల కింద తన ముందు ఒట్టుపెట్టిన తోక, గోడ మీద ఆనందంగా ఊగుతోంది. ఆయన లేచి నిలబడి, మందకి తలతో సైగ చేశాడు.

గుట్టలనే కోసిన పందులకి నిన్న పోసిన మట్టి ఒక లెక్కా? అడుగున మోరలు పెట్టాయి. తల బొరియలో ఉన్న సాంబయ్యకి ఆ శబ్దం సరిగా వినపడలేదు, ఉరుముతోంది కాబోలు అనుకున్నాడు. దానయ్య ఈసారి నెమ్మదిగా నెట్టలేదు. వాలు మొత్తం జారి కింద కూలింది. అరుగొక్కటే గోడని పట్టుకుని మిగిలింది, పైన సాంబయ్య.

తల బయటికి తీసి వెనక్కి తిరిగాడు. వచ్చిన దారి లేదు. కింద పందులు, దున్న, కొంగ, కుందేళ్లు, నెమళ్లు, ఉప్పు కోసం వచ్చిన దుప్పుల మంద. అందరూ తలెత్తి అతన్నే చూస్తున్నారు.

"పొట్టనొప్పి ఎట్లుంది తమ్ముడూ?" అని అడిగాడు కొండయ్య.

"ఇప్పుడు కాస్త నయమన్నా."

"పైన ఏం చేస్తున్నావు?"

"తనిఖీ. పిల్లలు ఒంటరిగా ఉన్నాయని మనసు ఊరుకోలేదు. దొంగలెవరైనా ఎక్కగలరేమో చూద్దామని ఎక్కాను."

"ఎక్కగలరా?"

సాంబయ్య ఆలోచించాడు. ఎక్కగలరు అంటే మొన్నటి ఒట్టు పోతుంది. ఎక్కలేరు అంటే తను అక్కడ ఎలా ఉన్నాడో చెప్పాలి. జీవితంలో మొదటిసారి సలహాల సాంబయ్యకి సలహా తోచలేదు.

"ఎండ ఎక్కువగా ఉందన్నా," అన్నాడు చివరికి.

నిజంగానే ఎండ ఎక్కువగా ఉంది. మధ్యాహ్నానికి ఎర్రమట్టి గోడ పెనంలా కాలింది. సాంబయ్య ఒక కాలు ఎత్తి ఇంకో కాలు పెడుతూ అరుగు మీద నాట్యం చేశాడు. నెమళ్లు విమర్శించాయి. గాల్లో ఉన్న పసిరికలన్నీ వంతులేసుకుని వచ్చి అతని చెవి పక్కనుంచి రివ్వున పోయాయి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.

"కొండయ్యన్నా, తప్పయింది," అన్నాడు సాంబయ్య, నాలుక బయటపెట్టి. "నువ్వు గుట్టల్ని కదిలించేవాడివి. కాస్త మట్టి పోసి వాలు వెయ్యి, దిగిపోతా. నీకు చిటికెలో పని."

కొండయ్య మోర ఎత్తాడు, దించాడు. రెండేళ్లలో ఎన్నడూ లేనంత మర్యాదగా గోడ ఎడమ కొస వైపు తిరిగాడు.

"ఇంట్లోవాళ్లని అడిగి చెబుతాను," అన్నాడు. "పచ్చమ్మా, ఈయన వాలు వెయ్యమంటున్నాడు. వెయ్యనా?"

పచ్చమ్మ గుమ్మంలోంచి తల బయటపెట్టింది. ఆమె వెనక, చీకట్లో, ఎవరో మొదటిసారి కిచకిచమన్నారు. ఉదయం కదిలిన గుడ్డు పగిలింది. కింద ఉన్న అన్ని జంతువులకీ ఆ చిన్న గొంతు వినపడింది.

"వద్దు మామా," అంది పచ్చమ్మ. "పిల్లలు ఎగిరేదాకా ఈ గోడ జోలికి ఎవరూ రావద్దు."

"విన్నావుగా తమ్ముడూ. పిట్టల బాగు కోసమని నువ్వే కుదిర్చావు, ఒప్పందం ఒప్పందమే."

పొద్దు వాలేదాకా ఉండి, ఇక ఉండలేక సాంబయ్య కళ్లు మూసుకుని దూకాడు. కింద పందులు పొర్లే సుద్దనీళ్ల గుంట ఉంది, కాబట్టి ప్రాణం దక్కింది. లేచేసరికి చెవుల నుంచి తోక దాకా తెల్లగా ఉన్నాడు. ఆ సుద్ద ఎండి అట్టకట్టింది. ఇంటికెళ్తే అతని వాళ్లే ఎవరో పరాయి జంతువు వచ్చిందని తరిమారు. వానలు పడేదాకా సాంబయ్య ఎవరికీ సలహా ఇవ్వలేదు. ఇచ్చినా తెల్లనక్క మాట ఎవరు వింటారు?

ఆ తర్వాత కొంగా పందీ మళ్లీ కూర్చున్నారు. ఈసారి ముందు పచ్చమ్మని కూర్చోబెట్టారు. ఆమె చెప్పింది చాలా చిన్నపని. ఏటా వేసవి రాకముందు ఒక్క గోడని తాజాగా, నిటారుగా కోసి వదిలెయ్యాలి. తవ్వకం జరిగే మిగతా చోట్ల మట్టిని వాలుగా ఉంచాలి. వాలు చూస్తే పసిరికలు అక్కడ కాపురం పెట్టవు కాబట్టి పందులు వాళ్ల ఇళ్లు తవ్వేసే ప్రమాదమూ ఉండదు. పందులకి ఒక్క రోజు పని కూడా ఆగలేదు. తన మోరతో కోసిన గోడ ఇంతమందికి ఇల్లని తెలిశాక కొండయ్య ఎవరొచ్చినా ముందు దాన్నే చూపిస్తున్నాడు. దుప్పులు తల దించి నిశ్చింతగా ఉప్పు నాకుతున్నాయి. దుమ్ము సంగతీ వాగు సంగతీ ఇంకా తేలలేదు. వాటి మీద సరోజినమ్మ ఇప్పటికీ వచ్చి అరుస్తూనే ఉంది. కాకపోతే ఇప్పుడు కొండయ్య మోర పైకెత్తి వింటున్నాడు.

ఎవరిని కాపాడుతున్నామో వాళ్లని అడగకుండా చేసే సాయం, నక్కకి మనమే వేసిపెట్టే మెట్లదారి.